‘మెల్లగా మాట్లాడరా’ అన్నాను, చుట్టూ ఎవరూ లేకపోయినా

మదీనత్ అల్ షమాల్ అంటే అరబ్బీలో ఉత్తరపు నగరం. దోహా నుంచి అల్ షమాల్ రోడ్డు పట్టుకుని వంద కిలోమీటర్లు దాటి వస్తే, ఇక ముందు సముద్రమే అనే చోట మా ఊరు వస్తుంది. పక్కనే అల్ రువైస్ రేవు. తీరం వెంబడి కాస్త వెళ్తే జనం ఎప్పుడో వదిలేసిన పాత జాలరి పల్లెలు, ఇంకాస్త వెళ్తే యునెస్కో గుర్తించిన అల్ జుబారా కోట. మనవాళ్ళు ఎక్కువగా దోహాలోనో, అల్ ఖోర్‌లోనో ఉంటారు. ఇక్కడ తెలుగు మాట వినపడితే ఆగి పలకరించుకుంటాం. రాస్ లఫాన్ వైపు ఒక కాంట్రాక్టు కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని నాది. పదేళ్ళు దాటింది ఇక్కడికి వచ్చి.

ఈ ఊరు నాకు అన్నం పెట్టింది. రాత్రి పన్నెండింటికి మా ఆవిడ ఒక్కతే దుకాణానికి వెళ్ళి రాగలదు. అందుకే ఈ వ్యాసం రాయడానికి చాలాకాలం వెనకాడాను. ఇప్పుడు కూడా నా పేరు వేయవద్దని సంపాదకులను అడిగాను. ఎందుకు అడగాల్సి వచ్చిందన్నదే ఇందులోని విషయం.

2022 నవంబరులో ఫుట్‌బాల్ ప్రపంచకప్ చూడ్డానికి మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. అప్పటికి వాడికి ఇరవై అయిదు. ఇక్కడికి దగ్గరి స్టేడియం అల్ ఖోర్‌లోని అల్ బైత్. 25న అక్కడ ఇంగ్లండ్, అమెరికా మ్యాచ్ చూశాం. ఒక్క గోలూ పడలేదు. మర్నాడు సాయంత్రం వాడిని రువైస్ తీరానికి తీసుకెళ్ళాను. పడవలు చూస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి వాడు అడిగాడు.

‘‘మామయ్యా, అమ్మ నీకు నా బయోడేటా పంపిందా?’’

పంపింది. గల్ఫ్‌లో మంచి సంబంధాలుంటే చూడమని అక్క పది రోజుల కిందటే వాట్సాప్‌లో పెట్టింది. ఆ మాటే చెప్పాను.

‘‘ఎవరికీ పంపకు మామయ్యా. నేను గే.’’

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, ‘‘మెల్లగా మాట్లాడరా.’’

చుట్టూ ఎవరూ లేరు. దూరంగా ఒకాయన వల సర్దుకుంటున్నాడు. ఆయనకు తెలుగు వచ్చే అవకాశమే లేదు. అయినా అదే అన్నాను. వాడు తల ఊపి, నిజంగానే గొంతు తగ్గించి, ‘‘సరే, ఇంటికెళ్ళాక మాట్లాడదాం’’ అన్నాడు. ఇంటికెళ్ళాక మాట్లాడలేదు. పిల్ల ఉంది, గోడలు పల్చన, అలా ఏదో ఒకటి. ఉన్న నాలుగు రోజులూ మ్యాచ్‌ల గురించే మాట్లాడుకున్నాం.

వాడు విమానం ఎక్కాక నన్ను తొలిచింది ఒకటే. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ముందుగా వచ్చింది భయం. ఎవరైనా వింటారేమోనని. ఆ భయం నాలోకి ఎప్పుడు వచ్చింది?

చట్టంలో ఏముంది

ఇక్కడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాల్సిన విషయం కనుక వివరంగా చెబుతాను. ఖతార్ 2004 శిక్షాస్మృతిలోని 285వ అధికరణం ప్రకారం పురుషుల మధ్య శారీరక సంబంధానికి, ఇద్దరి సమ్మతి ఉన్నా, ఏడేళ్ళ దాకా జైలు. 296వ అధికరణం అనైతిక పనులకు ప్రేరేపించడాన్ని నేరం చేస్తుంది. శిక్ష ఏడాది నుంచి మూడేళ్ళు. 2002 నాటి సమాజ రక్షణ చట్టం కింద నేరం మోపకుండానే ఆరు నెలల దాకా నిర్బంధంలో ఉంచవచ్చు. 2014 సైబర్ నేరాల చట్టం ‘సామాజిక విలువలకు’ విరుద్ధమైన రాతలకు మూడేళ్ళ దాకా జైలు, లక్ష రియాళ్ళ దాకా జరిమానా అంటుంది. ఇవి ఇక్కడి పౌరులకే కాదు, మనలాంటి వలస ఉద్యోగులకూ వర్తిస్తాయి.

రష్యా సంగతి వేరు. అక్కడ 2013లో పిల్లల కంటబడే ‘ప్రచారాన్ని’ నిషేధిస్తూ సూటిగా చట్టం తెచ్చారు. 2022 డిసెంబరులో దాన్ని అన్ని వయసులకూ విస్తరించారు. 2023 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు ‘అంతర్జాతీయ ఎల్‌జీబీటీ ఉద్యమం’ మొత్తాన్నీ తీవ్రవాదం కింద జమకట్టింది. మన పిల్లలు వైద్యవిద్యకు వెళ్ళే కిర్గిజిస్తాన్ కూడా 2023లో రష్యా దారిలోనే ఒక చట్టం చేసింది. ఖతార్‌లో అలా పేరు పెట్టిన నిషేధం లేదు. ‘విలువలు’, ‘అనైతికం’ లాంటి మాటలు ఉన్నాయి, అంతే.

పేరు పెట్టకపోవడం మెతకదనం అనుకుంటాం. నా వృత్తిలో తెలిసిన సంగతి ఇందుకు విరుద్ధం. ఏది ఆపాలో కచ్చితంగా రాయకుండా ఫిల్టర్ పెడితే అది అడ్డమైనవన్నీ ఆపుతుంది. రూలు రాసినవాడు ఒక గీత గీస్తే, దాన్ని అమలు చేసేవాడు భయంతో పది అడుగులు ఇవతలే ఇంకో గీత గీస్తాడు. దుకాణదారు అతనికంటే పది అడుగులు ఇవతల గీస్తాడు. చివరికి ఒక మేనమామ నిర్మానుష్యమైన తీరంలో ‘మెల్లగా మాట్లాడరా’ అంటాడు.

టోపీ, చొక్కా, ఒక రాష్ట్రపు జెండా

ప్రపంచకప్‌లో ఇది లోకమంతటికీ కనిపించింది. ఇంగ్లండ్, వేల్స్, జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్, స్విట్జర్లాండ్ జట్ల కెప్టెన్లు ‘వన్ లవ్’ అని రాసిన రంగుల పట్టీ చేతికి కట్టుకుని ఆడాలనుకున్నారు. కడితే ఎల్లో కార్డు దాకా వెళ్తామని ఫిఫా హెచ్చరించడంతో నవంబరు 21న ఏడు దేశాలూ వెనక్కి తగ్గాయి. రెండు రోజుల తర్వాత జపాన్‌తో మ్యాచ్‌కు ముందు జర్మనీ ఆటగాళ్ళు జట్టు ఫొటోకు అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

అదే 21న అమెరికా, వేల్స్ మ్యాచ్ దగ్గర ఇంద్రధనుస్సు రంగుల టోపీలు తీయించారు. అలా తీయాల్సి వచ్చినవారిలో వేల్స్ మహిళల జట్టు మాజీ కెప్టెన్ లారా మెక్‌అలిస్టర్ ఒకరు. అమెరికా క్రీడా విలేకరి గ్రాంట్ వాల్ చొక్కా మీద బంతి చుట్టూ ఆ రంగులున్నాయని సిబ్బంది ఆయన్ను అరగంట దాకా నిలిపేశారు. తర్వాత లోపలికి పంపారు, క్షమాపణా చెప్పారు. రంగుల టోపీలు, జెండాలు అనుమతించాలని ఫిఫా చెప్పినట్టు వేల్స్ సంఘం ఆ వారంలోనే ప్రకటించింది.

వీటన్నిటికంటే నా మనసులో నిలిచిపోయింది బ్రెజిల్ విలేకరి విక్టర్ పెరీరా ఉదంతం. లుసైల్ స్టేడియం బయట ఆయన చేతిలో ఉన్నది తన సొంత రాష్ట్రం పెర్నాంబుకో జెండా. అందులో సూర్యుడు, నక్షత్రం, శిలువ, పైన ఒక ఇంద్రధనుస్సు ఉంటాయి. దానికీ ఎల్‌జీబీటీ ఉద్యమానికీ ఏ సంబంధమూ లేదు. అయినా కొందరు దాన్ని లాక్కుని తొక్కారనీ, తీసిన వీడియోను తన చేతే చెరిపించారనీ ఆయన చెప్పారు. మా భాషలో దీన్ని ఫాల్స్ పాజిటివ్ అంటాం. ఆ జెండా ఏదో అడిగి తెలుసుకునేంత సేపు కూడా ఎవరూ ఆగలేదు.

ఖాళీగా వదిలిన కాలమ్

ఇదంతా ప్రపంచకప్ నెలలో మొదలైంది కాదు. 2016 జనవరిలో ‘ది డేనిష్ గర్ల్’ సినిమాను ఇక్కడి థియేటర్ల నుంచి తీసేశారు. ఒక ట్రాన్స్‌జెండర్ చిత్రకారిణి కథ అది. 2018లో న్యూయార్క్ టైమ్స్ అంతర్జాతీయ సంచిక దోహా ప్రతుల్లో ఎల్‌జీబీటీ అంశాల మీద వచ్చిన పలు వ్యాసాలను తొలగించారు. వ్యాసం ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలి, తీసేశామని ఒక చిన్న గమనిక పెట్టారు. 2020 ఫిబ్రవరిలో దోహాలోని ఒక అమెరికన్ యూనివర్సిటీ శాఖ లెబనాన్ బృందం ‘మష్రూ లైలా’తో పెట్టుకున్న కార్యక్రమం రద్దయింది. ఆ బృందం గాయకుడు తాను గే అని బహిరంగంగా చెప్పుకున్న వ్యక్తి.

2021 డిసెంబరులో వాణిజ్య శాఖ దుకాణాల్లో తనిఖీ చేసి, సంప్రదాయానికి విరుద్ధమైన బొమ్మలు స్వాధీనం చేసుకున్నామని ఫొటోలు పెట్టింది. ఆ ఫొటోల్లో ఉన్నవి ఇంద్రధనుస్సు రంగుల పాప్-ఇట్‌లు, వేళ్ళతో నొక్కి ఆడుకునే రబ్బరు బొమ్మలు. మా అమ్మాయి దగ్గర అలాంటిదే ఒకటి ఉండేది. మా ఇంటికి ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు. మా ఆవిడే దాన్ని స్కూలు బ్యాగులోంచి తీసి బీరువాలో పెట్టింది. అమ్మాయి ‘ఎందుకు?’ అని అడిగితే, ‘పాతదైపోయింది’ అన్నాం. పిల్లకు మేం చెప్పిన అబద్ధాల్లో అదొకటి.

ఇంకో సంగతి. ఈ నిశ్శబ్దం అందరి దగ్గరా ఒకే తీరుగా పని చేయదు. మ్యాచ్‌కు వచ్చిన విలేకరిని అరగంటకు వదిలారు. ఇక్కడి మనుషులకు ఆ వెసులుబాటు లేదు. 2019 నుంచి 2022 సెప్టెంబరు దాకా భద్రతా విభాగం వాళ్ళు నిర్బంధించిన ఆరుగురు ఎల్‌జీబీటీ ఖతారీలతో మాట్లాడి హ్యూమన్ రైట్స్ వాచ్ 2022 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. కస్టడీలో కొట్టారని, లైంగికంగా వేధించారని, ఫోన్లు తెరిపించి చూశారని వాళ్ళు చెప్పారు. ఖతార్ ప్రభుత్వం ఆ ఆరోపణలు పూర్తిగా అబద్ధమంది. తాను గే అని బహిరంగంగా చెప్పిన మొదటి ఖతారీలలో ఒకరైన డాక్టర్ నాస్ మొహమ్మద్ ఆ మాట 2022 మేలో చెప్పగలిగింది అమెరికా నుంచి, అక్కడ ఆశ్రయం పొందాక.

‘మీ మంచికే’

ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచకప్ భద్రత చూసే సీనియర్ అధికారి ఒకరు అంతర్జాతీయ వార్తాసంస్థతో మాట్లాడారు. ఎవరైనా రంగుల జెండా ఎత్తితే తీసేసుకోవచ్చని, అది అవమానించడానికి కాదని, వేరెవరైనా వాళ్ళ మీద దాడి చేయకుండా కాపాడటానికేనని ఆయన వివరణ. చదివినప్పుడు నవ్వుకున్నాను. నవంబరులో రువైస్ తీరాన నేను చేసిందీ అదే. వాడిని కాపాడటానికే అనుకున్నాను. వాడికి మాత్రం వినపడింది, ‘ఈ మాట నా దగ్గర అనకు’ అని.

ఆ భయానికి ఆధారం లేదని చెప్పను. పైన రాసిన చట్టాలు నిజం, ఇక్కడ ఉద్యోగం పోవడం, దేశం నుంచి పంపేయడం కూడా నిజం. ఈ దేశంలో ఉన్నంతకాలం ఇక్కడి చట్టానికి లోబడే ఉంటాను. కానీ చట్టం అడిగినదెంత, నేను దానికి కలిపి ఇచ్చినదెంత అని లెక్క చూసుకోవాలి కదా. మామయ్య అల్లుడితో తెలుగులో మాట్లాడకూడదని ఏ అధికరణమూ అనలేదు. అది నేను కలిపింది.

మన హైదరాబాద్‌లోనూ

‘గల్ఫ్ కదా, అలాగే ఉంటుంది’ అని పాఠకులు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని 2023 జూలైలో సెలవులకు హైదరాబాద్ వెళ్ళాను. నేను అక్క ఇంట్లో ఉండగానే, 6వ తేదీన తెలంగాణ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నిజాం కాలంలో, ఫస్లీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో చేసిన ఒక చట్టాన్ని కొట్టేసింది. దాని పేరు తెలంగాణ యునక్స్ చట్టం. 1871లో బ్రిటిష్‌వాళ్ళు నేరస్థ తెగల చట్టంలో పెట్టిన నిబంధనల పోలికలోనే దాన్ని రాశారు.

ఆ చట్టం ఏమనేదో చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. హిజ్రాల పేర్లతో ఒక రిజిస్టరు ఉండాలి. అందులో పేరున్నవాళ్ళు చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, నలుగురిలో పాడినా, ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. దొంగతనం, కొట్లాట ఏదీ అక్కర్లేదు. కనబడటం చాలు. దోహాలో టోపీకి, చార్మినార్ దగ్గర చీరకు పెద్ద తేడా ఏముంది?

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ విడిపోయింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో ఉంటూనే వచ్చింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తి తన దుస్తులు, మాట, నడవడి ద్వారా తానెవరో చెప్పుకోవడం కూడా రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛే అంది. 2018 సెప్టెంబరు 6న సెక్షన్ 377 నుంచి వయోజనుల పరస్పర సమ్మతిని తప్పించింది. హైదరాబాద్ చట్టం అప్పటికీ ఉంది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో హైకోర్టుకు వెళ్ళబట్టి అది ముందు ఆగింది, అయిదేళ్ళకు పోయింది. ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ఆ తీర్పు ఇచ్చారు. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు అందేలా చూడాలని కూడా ప్రభుత్వానికి చెప్పారు.

నేను పుట్టి పెరిగింది ఆ రాష్ట్రంలోనే. మాస్టర్స్ చదివింది హైదరాబాద్‌లోనే. అలాంటి చట్టం ఒకటుందని నలభై దాటాక తెలిసింది. మనకు తగలని చట్టాలు మనకు కనపడవు.

ఇంటి దాకా వచ్చింది

ఆ వారంలోనే ఒక రాత్రి మేడ మీద మా అల్లుడు, నేను కూర్చున్నాం. ‘‘రువైస్‌లో నువ్వు చెప్పినప్పుడు నిన్ను ఆపేశానురా. ఇప్పుడు చెప్పు’’ అన్నాను. వాడు వెంటనే ఏమీ చెప్పలేదు. ఎనిమిది నెలల కిందటి మాట కదా. ‘‘అప్పుడు నువ్వు తిడతావని సిద్ధపడి వచ్చాను మామయ్యా. తిట్లకు జవాబు ఉంది నా దగ్గర. మెల్లగా అన్నావు చూడు, దానికి జవాబు లేదు’’ అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు. ఇంటర్ నుంచీ తెలుసట. దోహాలో ఒక ఉద్యోగం వచ్చిందని, వద్దనుకున్నానని అప్పుడే చెప్పాడు. జీతం ఇక్కడికి రెండింతలు.

అక్కకు చెప్పేటప్పుడు పక్కన కూర్చోమని అడిగాడు, కూర్చున్నాను. అక్క మొదట ఏడ్చింది. ఆ తర్వాత అన్న మొదటి మాట, ‘‘ఎవరితోనూ అనకండి.’’ హైదరాబాద్‌లో, సొంత ఇంట్లో, ఏ చట్టమూ అడ్డం లేని చోట. నేనూ వాడూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆ తర్వాత కొన్ని నెలలకు అక్క నాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న మాత్రం వేరు. ‘‘వాడికి పెద్దయ్యాక తోడెవరుంటార్రా?’’ అది తల్లి ప్రశ్న. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. అదే ఏడాది అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమంది. కానీ మా అక్క ఆ ప్రశ్న అడగగలిగింది. ఎవరితోనూ అనకండి అన్న చోటే ఆగిపోయి ఉంటే అది నోటి దాకా వచ్చేదే కాదు.

ఈ వ్యాసం వాడి అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో తెలియకుండా కొన్ని చిన్న వివరాలు మార్చాను.

గల్ఫ్‌కు పిల్లల్ని పంపే తల్లిదండ్రులతో నేను చెప్పదలచింది రెండు ముక్కలు. ఇక్కడి చట్టాలు ఏమంటాయో బయల్దేరక ముందే స్పష్టంగా మాట్లాడుకోండి. సోషల్ మీడియా రాతలు, ఫోన్‌లో ఉన్న యాప్‌లు కూడా ఇక్కడ చిక్కు తేగలవు. మీ పిల్లవాడో, అమ్మాయో మంచి ఉద్యోగం వద్దంటే బద్ధకం అని కొట్టిపారేయకుండా కారణం అడగండి. చెప్పలేకపోతే, చెప్పగలిగే చోటికి తీసుకెళ్ళి అడగండి. అది ఎక్కువసార్లు ఇంటి మేడే అవుతుంది.

మొన్న శుక్రవారం వాడు ఫోన్ చేశాడు. తన స్నేహితుడి గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టగానే నా చెయ్యి దానంతటదే స్పీకర్ ఆపి, కిటికీ మూసింది. అలవాటు అంత తొందరగా పోదు. ఫోన్ చెవికి ఆనించుకుని, ‘‘ఆ, చెప్పు’’ అన్నాను. గంట సేపు చెప్పాడు.